గ్యారేజీ వెనక గోడ

జూలై 7, సోమవారం

గ్యారేజీ ఖాళీ చేశాం. పాత టైర్లు, విరిగిన కుర్చీలు, బావ దాచుకున్న తుప్పు పట్టిన ఇనప ముక్కలు అన్నీ పెరట్లోకి చేరాయి. కారుని వీధిలో పెట్టి, కవరు కప్పి, లోపలికి వస్తూ బావ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఇల్లు కొండవాలులో ఉంది. వాలుని తవ్వి కింద గ్యారేజీ కట్టి, దాని మీద ఒక గది వేశారు. ఆ గదిలో బావ వాళ్లమ్మ ఉంటుంది. తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఆవిడ మంచం దిగలేదు. గ్యారేజీ పక్క గోడలు రెండూ పర్వాలేదు. వెనక గోడే మొరటుగా ఉంది. దాని వెనకంతా మట్టి.

"నాకు కావాల్సింది గోడ కాదు బావమరిదీ, అద్దం," అన్నాడు బావ. "పొద్దున్నే కారు తీసేటప్పుడు అందులో చూసి తల దువ్వుకోవాలి."

"దువ్వుకోడానికి ముందు ఏదైనా మిగలాలి గదా బావా," అన్నాను.

అక్క గట్టిగా నవ్వింది. అంత నవ్వాల్సిన మాటేం కాదు. నేను ఇక్కడికి వచ్చాక నోరు విప్పి మాట్లాడానని ఆమెకి సంతోషం.

గోడలకి నేనెప్పుడూ రంగు వెయ్యలేదు. మీసాలు రాకముందు నుంచీ షెడ్డులో కార్లకే వేశాను. రేకైనా గోడైనా చదును చదునే.

కుడి చెయ్యి ఈ రోజు ఒక్కసారే వణికింది. అదీ పొద్దున.

జూలై 8, మంగళవారం

ఇంటికి ఫోన్ చేశాను. షెడ్డులో పని ఎక్కువగా ఉంది, ఈ నెల రాలేనని చెప్పాను. సరే, వేళకి తిను అంది మా ఆవిడ.

జూలై 9, బుధవారం

పాత సున్నం గీకడం అయిపోయింది. వెనక గోడకి అడుగున, మోకాలి ఎత్తులో, వరసగా చిన్న గొట్టాల మూతులు బయటపడ్డాయి. ఎందుకు పెట్టారో తెలియదు. కొన్నింట్లో మట్టి పేరుకుంది. రెండు తడిగా ఉన్నాయి. రేకు మీద రంధ్రం ఉంచి ఎవడూ రంగు వెయ్యడు. మూతులు గోడ మట్టానికి కోసేసి, సిమెంటు కూరి, పైన లప్పం లాగాను. సాయంత్రానికి వాటి జాడ లేదు.

అక్క టీ తెచ్చింది. "ఇక్కడ బొక్కలుండేవి కదరా?"

"ఉండేవి."

"మంచి పని చేశావు. బొద్దింకలన్నీ అందులోంచే వచ్చేవి."

జూలై 11, శుక్రవారం

లప్పం రెండు పొరలయ్యాయి. ఎండాక చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి రుద్దాను. వట్టి వేళ్లతో రుద్దితే వేళ్ల దారులు పడతాయి. రంగు వేశాక అవి బయటపడి నవ్వుతాయి. దుమ్ము తడిగుడ్డతో తుడిచి, షట్టరు దించి, బల్బుని గోడకి దాదాపు ఆనించి పక్కనుంచి పట్టాను. అలా పడితే బియ్యపు గింజంత ఎత్తైనా పొడుగ్గా నీడ వేస్తుంది. షెడ్డులో కారు డోర్లని ఇలాగే చూస్తాం.

నీడ లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎక్కడా లేదు.

అలాగే చాలాసేపు నిలబడ్డాను. షెడ్డు ఓనరు ఉండి చూస్తే బావుణ్ణనిపించింది. "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండు, చెయ్యి కుదుటపడ్డాక చూద్దాం," అని పంపించాడు. ఆ తెల్ల కారు డోరు అలలుగా వచ్చిన మాట నిజమే. ఒక్క డోరు.

జూలై 12, శనివారం

నిన్న సాయంత్రం పట్టిన వాన పొద్దునకి తగ్గింది. అత్తయ్య గది తలుపు పట్టేస్తోందని అక్క చెప్పింది. వానకి చెక్క ఉబ్బుతుంది. చిత్రిక పట్టి అడుగున కాస్త తీశాను.

అత్తయ్య మంచం మీంచి చూస్తూ ఉంది. "ఏరా రంగులబ్బాయ్, కిందేదో అద్దాల మేడ కడుతున్నావంట?"

"నువ్వు దిగొస్తే చూపిస్తాను అత్తయ్యా."

"నేనింక దిగేది నలుగురి భుజాల మీదే. అప్పుడు అటువైపు నుంచి తీసుకెళ్లమను, చూసుకుంటూ పోతాను."

"పొద్దున్నే ఏం మాటలవి?" అని అక్క కసిరింది. ఆవిడ పళ్లు లేని నోటితో నవ్వింది. తరవాత నన్ను దగ్గరికి పిలిచి, నేల కింద ఏదో కొరుకుతున్న చప్పుడు వస్తోందిరా అంది.

"ఎలుకలు," అన్నాను.

"ఎలుకలైతే పరిగెత్తవూ? ఇది ఒక్కచోటే కూచుని కొరుకుతోంది."

జూలై 14, సోమవారం

ప్రైమర్ కొట్టేముందు మరోసారి లైటు పట్టాను. వెనక గోడ నడుమ నీడ ఉంది. పళ్లెం బోర్లించినట్టు గుండ్రంగా, పలచగా.

శుక్రవారం లేదు. ఉండే ఉంటుంది. నేనే చూసుకోలేదు.

రుద్దేశాను. సాయంత్రానికి పోయింది.

జూలై 15, మంగళవారం

మళ్లీ వచ్చింది. నిన్న రుద్దిన చోటే, ఇంకాస్త వెడల్పుగా.

రేకు కదలదు. రేకు మీద ఎత్తు తేలిందంటే తప్పు చేతిదే. షెడ్డులో కొత్తగా చేరినవాళ్లకి ఈ మాట నేనే చెప్పేవాణ్ణి. కళ్లు మూసుకుని అరచేయి ఆడించాను. ఎత్తు ఎక్కడ మొదలవుతోందో పట్టుకోలేకపోయాను. ఇదివరకు వెంట్రుక పడి ఉన్నా చేతికి తెలిసేది.

గ్లాసు నిండా నీళ్లు పోసి పట్టుకుని చూశాను. అక్క వంటింట్లోంచి వచ్చి, "తాగకుండా అలా చూస్తావేంట్రా?" అంది. తాగేశాను.

జూలై 16, బుధవారం

మళ్లీ.

జూలై 17, గురువారం

రుద్ది రుద్ది లప్పం పోయి లోపలి సిమెంటు కనిపించింది. ఇంక రుద్దడానికేమీ లేదు. కాగితం అవతల పారేసి కూర్చున్నాను.

పక్కింటికి ప్రహరీ కడుతున్న మేస్త్రీ నిచ్చెన అడగడానికి వచ్చాడు. వాళ్ల పని ఈ రోజుతో అయిపోతుందట, రేపు వేరే ఊళ్లో పనికి పోతున్నారట. నిచ్చెన సంగతి మర్చిపోయి, మూలకి వెళ్లి, గోడకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఎవరు తమ్ముడూ లప్పం పెట్టింది?"

"నేనే. నడుమ ఉబ్బు రుద్దుతుంటే మళ్లీ వస్తోంది. నా చేతిలో ఏదో లోపం ఉంది."

"నీ చేతిలో ఏం లోపం లేదు. గోడే వస్తోంది."

సంచీలోంచి దారం కట్టిన గుండు తీసి పైనుంచి వదిలాడు. దారం నడుమ గోడకి తగిలి, కింద గోడకి ఎడంగా వేలాడింది. ఆ సందులో రెండు వేళ్లు పెట్టి నాకు చూపించాడు.

"వెనక మట్టి నీళ్లు తాగి తోస్తోంది. ఇలాంటి గోడకి అడుగున గొట్టాలుంటాయి, నీళ్లు బయటికి పోవడానికి. ఏవీ అవి?"

"నేను వచ్చేసరికే లేవు," అన్నాను.

"గొట్టాలు లేకుండా కట్టినవాణ్ణి ఈ గోడకే కట్టెయ్యాలి." పైకప్పు వంక చూశాడు. "పైన ఎవరుంటారు?"

"అత్తయ్య. మంచం మీంచి లేవలేదు."

"ముందు ఆవిణ్ణి అక్కణ్ణించి మార్చండి. వానలు ఇంకా మొదట్లోనే ఉన్నాయి. మీ బావకి నన్ను చెప్పమంటావా?"

"నే చెప్తాలే అన్నా."

నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు.

నా చెయ్యి పోలేదు. వారం రోజులుగా అన్నం సయించలేదు. ఈ రోజు రెండుసార్లు పెట్టించుకున్నాను. అక్క, బావ, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. గోడే కదులుతోంది. చెయ్యి బాగానే ఉంది.

ఓనరుకి ఫోన్ చేశాను. ఒక గోడ చేశాను, వచ్చి చూడమన్నాను. గోడేంట్రా అన్నాడు. చూస్తే తెలుస్తుందన్నాను. ఆదివారం ఇటు వైపు పనుంది, వస్తానన్నాడు.

జూలై 18, శుక్రవారం

బావకి చెప్పలేదు. చెబితే గోడ పగలగొట్టిస్తాడు, ఓనరు వచ్చి మట్టి చూసుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం ఓనరు వెళ్లగానే చెప్తాను. ఇన్నేళ్లు నిలిచిన గోడ. పైగా నిన్నా ఇవాళా వాన లేదు.

ఎత్తుని తగ్గించలేనప్పుడు దాని చుట్టూ ఉన్న పల్లాన్ని పైకి తేవాలి. కారు డోరు కుదరనప్పుడు చేసేది ఇదే. ఉబ్బు అంచు నుంచి గోడ మూలల దాకా లప్పం పలచబరుస్తూ లాగాను. కింద సందు ఎక్కువ ఉన్నచోట సిమెంటు కలిపి పెట్టాను. చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు.

జూలై 19, శనివారం

ప్రైమర్, దాని మీద రంగు. బ్రష్షు వాడలేదు. షెడ్డులోంచి నాతో తెచ్చుకున్న స్ప్రే గన్‌తో కొట్టాను. రెండు పూతల మధ్య ఆరనిచ్చి, తడి కాగితంతో తేలిగ్గా రుద్ది, మళ్లీ కొట్టాను.

పొద్దున గ్యారేజీలో తడిమట్టి వాసన వచ్చింది. ఇప్పుడు రంగు వాసన తప్ప ఏమీ లేదు.

జూలై 20, ఆదివారం

ఓనరు వచ్చాడు. చెప్పులు బయట వదిలాడు. ఎవరూ విప్పమనలేదు. లైటు ఆయనే అడిగి తీసుకుని, పక్కనుంచి పట్టి, గోడ పొడుగునా నడిచాడు. తరవాత లైటు నాకిచ్చి కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. ఉబ్బున్న చోటికి వచ్చాక కూడా ఆయన చెయ్యి ఆగలేదు.

"గోడకి ఎవడైనా ఇలా చేస్తాడట్రా, పిచ్చోడా!" అన్నాడు. "ఆ తెల్ల డోరు రోజున నీకేమైందో నాకు తెలీదు. వచ్చే సోమవారం వచ్చెయ్."

బావ ఆయన వెనకే ఉన్నాడు. "మా బావమరిది చెయ్యి పడితే మట్టి కూడా మెరుస్తుందండీ," అన్నాడు. పైనుంచి అత్తయ్య కర్రతో నేల మీద కొడుతోంది, ఎవరొచ్చారో చెప్పమని. ప్రతి దెబ్బకీ నేను కప్పు వంక చూశాను.

బావ బాగా సంతోషంగా ఉన్నాడు. ఈ రోజు చెప్పడం బాగుండదు.

జూలై 21, సోమవారం

బావకి చెప్పాను.

"వెనక గోడ ముందుకి వస్తోంది బావా. మట్టి తోస్తోంది. అత్తయ్యని ముందు గదిలోకి మార్చి గోడ తీసెయ్యాలి."

తాగుతున్న టీ కింద పెట్టి నా మొహం చూశాడు. తరవాత గ్యారేజీలోకి వెళ్లాడు. నేనూ వెళ్లాను. గోడకి చెంప ఆనించి చూశాడు. చేత్తో తడిమాడు.

"ఎక్కడ?"

"లోపల. పైకి కనిపించకుండా నేను లప్పంతో సరిచేశాను."

"నిన్నేమో నున్నగా ఉందని మీ ఓనరుకి చూపించావు. ఇప్పుడు వంకరగా ఉందంటావు. నాకు గుండు వేసి చూపించు."

వేశాను. దారం గోడని ఒరుసుకుంటూ పైనుంచి కింద దాకా దిగింది. ఎక్కడా వేలు పట్టలేదు. నేను లప్పంతో కట్టిన గోడ వెనక అసలు గోడ కనపడటం లేదు.

"మేస్త్రీ చెప్పాడు," అన్నాను.

"ఆ ప్రహరీ కట్టినాయనా? వాళ్లకి అన్ని గోడలూ పడిపోయేలాగే కనిపిస్తాయి. లేకపోతే పనెలా దొరుకుతుంది?" నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు అలిసిపోయావు. అక్క కూడా అదే అంటోంది. నాలుగు రోజులు పడుకో."

గొట్టాల మాట చెప్పడానికి వీలు పడలేదు.

కారుని లోపలికి తెచ్చి పెట్టాడు. గోడలో కారు కనిపిస్తోంది.

జూలై 22, మంగళవారం

అత్తయ్యని ముందు గదిలోకి రమ్మని బతిమాలాను.

"అక్కడికొస్తే మీ బావ గురక వినాలి. నా కొడుకే, కాదన్ను. కానీ పెళ్లయ్యాక ఆ గురక మీ అక్క సొత్తు," అంది. "నాకీ కిటికీ చాలు. వీధిలో ఎవరు ఎవరితో పోతున్నారో చెప్పడానికి ఇంట్లో ఒక మనిషుండాలా వద్దా?"

చప్పుడు ఇంకా వస్తోందా అని అడిగాను.

"ఆగిపోయింది. కొరకడం అయిపోయినట్టుంది."

జూలై 23, బుధవారం

లైటు పట్టాను. నీడ లేదు.

జూలై 24, గురువారం

నీడ లేదు. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను. నా పనిలో లోపం కోసం ఇలా కాచుకుని కూర్చుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

జూలై 25, శుక్రవారం

ఉలి, సుత్తి తీసుకుని అడుగున ఒకచోట కొట్టాను. గొట్టం ఎక్కడుందో గుర్తుపట్టలేకపోయాను. అంత బాగా కప్పాను. మూడు చోట్ల పెచ్చులు లేపేసరికి బావ వచ్చి ఉలి లాక్కున్నాడు.

"నీకేమైందిరా? నీ పని నువ్వే పాడుచేసుకుంటావా?" ఆయన నన్ను 'రా' అనడం ఇదే మొదలు.

అక్క మెట్ల మీద నిలబడి ఏడుస్తోంది. "సోమవారం పనికి పోతున్నాడుగా, వదిలెయ్యండి," అంటోంది.

ఇద్దరూ ఉన్నారు. గొట్టాలు నేనే మూశానని అప్పుడు చెప్పాల్సింది. మేస్త్రీ ఓనరు రాకముందే చెప్పాడని, నేనే ఆదివారం దాకా ఆగానని కూడా చెప్పాల్సి వచ్చేది.

సాయంత్రం పెచ్చులు లేచిన చోట లప్పం పెట్టాను. బావ పక్కనే నిలబడి పెట్టించాడు.

జూలై 27, ఆదివారం

బయల్దేరాను. అత్తయ్య కిటికీలోంచి చెయ్యి ఊపింది.

జూలై 28, సోమవారం

షెడ్డు. నీలం కారు, ఎడమవైపు వెనక డోరు. మధ్యాహ్నానికి చదును చేశాను. తిని వచ్చి చూస్తే ఎలా వదిలానో అలాగే ఉంది. ఇంటికి ఫోన్ చేసి నిజమే చెప్పాను, షెడ్డులో ఉన్నానని.

జూలై 29, మంగళవారం

వాన.

జూలై 30, బుధవారం

వాన. అక్కకి ఫోన్ చేశాను. అందరూ బాగున్నారు. తలుపు మళ్లీ పట్టేస్తోందట.

జూలై 31, గురువారం

మధ్యాహ్నం అక్కే ఫోన్ చేసింది. గొంతు మామూలుగానే ఉంది.

"ఏం లేదురా. నీ గోడకి గీత పడింది. సన్నగా, అడ్డంగా, ఈ చివర్నుంచి ఆ చివరికి. మీ బావ రాత్రి చూసి తెగ బాధపడ్డాడు. నువ్వు మిగిల్చి పోయిన లప్పం ఉంటే పొద్దున్నే తనే పూసేశాడు."

"అత్తయ్యని బయటికి తీసుకురా," అన్నాను. "ఇప్పుడే. మీరూ వచ్చెయ్యండి."

"ఈ వానలోనా? ఇప్పుడే కునుకు పట్టింది ఆవిడకి."

"అక్కా, ఆ బొద్దింకల బొక్కలు నీళ్లు పోవడానికి పెట్టినవి. నేను మూసేశాను."

"వాటికీ దీనికీ ఏంటిరా సంబంధం?"

బావకి ఇమ్మన్నాను. బావ తీసుకుని, నేను నోరు తెరిచేలోపే, "నువ్వు కంగారు పడకు బావమరిదీ. నీ అంత నున్నగా రాలేదు గానీ, గీత మాత్రం కనపడట్లేదు," అన్నాడు.

అప్పుడు మొత్తం చెప్పాను. గొట్టాలు కోసింది, సిమెంటు కూరింది, మేస్త్రీ రెండు వేళ్లు పెట్టి చూపించింది, ఆ సందుని నేను పూడ్చింది.

వాళ్ల వైపు వాన చప్పుడు వినిపిస్తోంది.

"మేస్త్రీ నీకు చెప్పింది ఎప్పుడు?"

"మీకు చెప్పడానికి నాలుగు రోజుల ముందు. ఓనరు రాకముందే."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. అక్కకి చేశాను. ఎత్తలేదు.

షెడ్డులో పెద్ద సుత్తి తీసుకున్నాను. సగం రుద్దిన డోరు వదిలి ఎక్కడికిరా అని ఓనరు అరిచాడు. ఈసారి మళ్లీ రానవసరం లేదన్నాడు. బస్టాండులో కూర్చున్నాను. బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. ఇప్పటికి ఎన్నిసార్లు చేశానో, ఇద్దరూ ఎత్తడం లేదు.

నా మీద కోపంతోనే ఎత్తకుండా ఉంటే బావుణ్ణు.